పచ్చిమాంసం మరిగిన కుక్క

కొవ్వూరులో ఎరువుల కొట్టు మురళీకృష్ణ గారి పెరడు. ఆదివారం ఉదయం. ఒక పక్క కొబ్బరిచెట్టుకి కట్టేసిన పందెం కోడి డేగ, ఇంకో పక్క నీళ్ళతొట్టి వెనక నక్కిన కుక్క. వాటి మధ్య తండ్రీ కూతురూ నిలబడి కేకలేసుకుంటున్నారు. వంటింటి గుమ్మంలో రత్నమాణిక్యం గోంగూర తుంచుకుంటోంది. ఆ ఇద్దరూ ఒకసారి మొదలుపెట్టారంటే మూడో మనిషి నోరు విప్పే సందు దొరకదని ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే సగం, కూతురు పెద్దదయ్యాక మిగతా సగం తెలిసొచ్చింది.

“నేనింకేం వినను. ముసలయ్యకి ఫోన్ చేసేశాను, ఆటో తెస్తున్నాడు. ఆ కుక్కని ఎక్కించి, బ్రిడ్జి దాటించి, రాజమండ్రిలో ఎక్కడో ఓ చోట దింపేసి రమ్మన్నాను.”

“ఏంటి నాన్నగారూ మీరు మాట్లాడేది? దింపేసి రావడానికి అదేమైనా బియ్యం బస్తానా? కాజా అండి అది. ఇంత పిల్లప్పట్నుంచి మనింట్లో పెరిగింది.”

“పెరిగింది. పెరిగి ఏం చేసిందో గోడవతల వీరవేణి చెప్తోంది కదా, విను. వీధి చివర బడ్డీకొట్టు దాకా వినపడుతోంది ఆవిడ నోరు.”

“ఆవిడ నోరు ఎప్పుడు వినపడలేదు గనక?”

“ఇవాళ కారణం ఉందమ్మా! బాతుపిల్లలు. నిన్నగాక మొన్న గుడ్లలోంచి వచ్చినవి. గోడ కింద తూములోంచి మన పెరట్లోకి దూరాయి. అంతే, ఒక్కటీ మిగల్లేదు. పీకి పెట్టింది పాపం. నీ కుక్క వాటి పక్కనే కూచుంది, మూతికి నూగు అంటుకుని. ఇంకేం సాక్ష్యం కావాలి నీకు?”

“వాసన చూసుంటుంది. చచ్చినదాన్ని కుక్క వాసన చూడదా?”

“ఆహా! వాసన! అంత సుకుమారం!”

“అమ్మా, పొద్దున్న నువ్విక్కడే ఉన్నావుగా. నువ్వు చూడలేదా?”

“నన్ను లాగకండి. కాఫీ పెట్టనా ఇంకోసారి?”

“దాన్నడుగుతావేంటి హేమా? దానికేం తెలుసు? ఇంటి మీదకి ఏనుగొచ్చినా కాఫీ పెట్టనా అంటుంది.”

“ఏనుగు తాగుతానంటే పెడతాను. దానికేం?”

“చూశావా? అదీ వరస. సరే, నేను అసలు సంగతికి వస్తాను. నేను చెప్పానా లేదా? కుక్కకి పచ్చిమాంసం పెట్టొద్దు, నోరు మరుగుతుంది, ఇవాళ గిన్నెలో తిన్నది రేపు వీధిలో వెతుక్కుంటుందని చెప్పానా లేదా?”

“చెప్పారు. మీరు చెప్పినవన్నీ నిజాలైతే ఈపాటికి మనం గోదావరిలో పడవ మీద కాపురముండాలి. ప్రతి వానాకాలం ఇల్లు మునిగిపోతుందంటారు.”

“మాట మార్చకు!”

“మార్చట్లేదు. నేను ఊరికే పెట్టలేదు నాన్నగారూ. చదివాను. నెల్లాళ్ళు కూర్చుని చదివాను. పచ్చిది పెట్టడంలో పద్ధతులున్నాయి. కొంతమంది కోడిని ఈకలతో సహా అలాగే పడేస్తారు. కొంతమంది హైదరాబాద్ నుంచి గడ్డకట్టించిన ప్యాకెట్లు తెప్పిస్తారు. అవేవీ మనకి కుదరవని, కండ ఇంత, ఎముక ఇంత, కార్జం ఇంత అని లెక్క చూసి కలిపే పద్ధతి ఎంచుకున్నాను. ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, కాటాలో తూచి...”

“కాటాలో తూచి! నీకు సంబంధం చూసినప్పుడు నేను కూడా ఇంత వెతకలేదు తల్లీ.”

“అది తెలుస్తూనే ఉంది లెండి.”

“ఏం తెలుస్తోంది? ఏం తెలుస్తోందంట?”

“ఏం లేదు. వదిలేయండి.”

“కుక్కకి కాటా! మా నాన్న హయాంలో కుక్కంటే ఏంటి? మనం తినగా మిగిలిన అన్నం, అడుగున మాడిన పెచ్చు, ఇంత మజ్జిగ. తిని తోక ఊపేది. దొంగొస్తే అరిచేది. అంతే. ఇప్పుడు దానికి కార్జం విడిగా, కండ విడిగా! రేపు మెనూ కార్డు ఇస్తావా దాని చేతికి?”

“గురివింద గింజకి తన నలుపు తెలీదట.”

“ఎవర్నే గురివింద గింజ అంటున్నావు?”

“మిమ్మల్నే. మీ డేగ సంగతేంటి? చోళ్ళు, గంట్లు, ఆ గింజలన్నీ విడివిడిగా నానబెట్టాలి. బాదంపప్పు తొక్క తీయాలి. గుడ్డు ఉడకబెట్టి తెల్లసొన నలపాలి. కీమా ఉడికించి, చల్లార్చి, ఉండలు చేయాలి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళతో దానికి కాపడాలు. నాకు టెన్త్ పరీక్షలప్పుడు ఒక్క బాదంపప్పు పెట్టారా ఈ ఇంట్లో?”

“నాకు ఏ పరీక్షకీ పెట్టలేదు. పురిటికి కూడా పెట్టలేదు.”

“నువ్వాగు మాణిక్యం, మధ్యలో! హేమా, నీ కుక్కనీ నా డేగనీ ఒకే గాటన కట్టకు. అది పందెం కోడి. బరిలో దిగితే దాని వెనక నేనుంటాను, నా పరువుంటుంది. మండపేట మిల్లు ఓనరు కారేసుకుని వచ్చి, చెట్టు కింద అరగంట నిలబడి దాన్ని చూసి, ఏ తిండి పెడుతున్నారండీ మీరు అనడిగాడు. అమ్మమన్నాడు. అమ్మనన్నాను. ఎందుకన్నాను? దాని ఒళ్ళు చూడు. ఆ మెడ చూడు. రాయిలా ఉంటుంది. ఈ నెల రోజుల్లో ఎంత మారిందో చూడు! కళ్ళల్లో ఆ ఎరుపు, ఆ కసి! అది తిండి. నా తిండి. నా చేత్తో కలిపిన తిండి.”

“అలాగైతే కాజా ఒళ్ళు కూడా చూడండి. మొన్న డాక్టరుగారు చెయ్యేసి ఏమన్నారో తెలుసా? ఇంత మంచి బొచ్చు ఈ ఊళ్ళో ఏ కుక్కకీ చూడలేదమ్మా అన్నారు. నిగనిగలాడుతోంది. దురదలు పోయాయి. చెవుల్లో వాసన పోయింది. అది తిండి కాదా? అది నా తిండి కాదా? మా కుక్కల వాట్సాప్ గ్రూపులో దాని ఫోటో పెడితే ఎంతమంది అడిగారో, మేడమ్, మీ పద్ధతి మాక్కూడా చెప్పండి అని. తణుకు నుంచి ఒకావిడ రోజూ ఫోన్ చేసి కార్జం ఎంతెయ్యాలని అడుగుతుంది.”

“నువ్వు చెప్తావు?”

“చెప్తాను.”

“చెవిటోడు ఒకడు, వాడికి శంఖం ఊదేవాడు ఇంకొకడు.”

“మీరొప్పుకోకపోయినా నిజం నిజమే. మనిషి అబద్ధమాడతాడేమో గానీ ఒళ్ళు ఆడదు నాన్నగారూ. తిన్నది ఒంటి మీద తెలుస్తుంది.”

“ఆ మాట ఒక్కటి కరెక్టుగా చెప్పావు. తిన్నది ఒంటి మీద తెలుస్తుంది. బుద్ధిలో కూడా తెలుస్తుంది. పచ్చి తిన్నది పచ్చికే పోతుంది. ఉడికింది తిన్నది ఒద్దికగా ఉంటుంది. చూడు నా డేగ, తాడు కట్టేస్తే ఎలా నిలబడిందో, రాజులా. నీ కుక్క చూడు, తొట్టి వెనక దాక్కుంది. తప్పు చేసింది గనక దాక్కుంది.”

“మీ కేకలకి దాక్కుంది!”

“ఏవండీ, గోంగూరలోకి ఎండురొయ్యలు వెయ్యనా? వద్దంటే వద్దనండి.”

“మాణిక్యం! ఇక్కడ నేనేం మాట్లాడుతున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావు?”

“మీరు తిండి గురించే కదా మాట్లాడుతున్నారు. నేనూ తిండి గురించే అడిగాను.”

“ఎండురొయ్యలు వెయ్యి. వేసి ఊరుకో.”

“నాన్నగారూ, ఒక్క మాట వినండి. మానేస్తాను. రేపట్నుంచి పచ్చిది పెట్టను. ఫ్రీజర్‌లో ఉన్నదంతా పారేస్తాను. పెరుగన్నమే పెడతాను. గ్రూపులో కూడా చెప్పేస్తాను, నా పద్ధతి తప్పని.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. మీ ఎదురుగానే రాస్తాను. వీరవేణి ఆంటీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. దాన్ని మాత్రం పంపకండి.”

“అయిపోయిందమ్మా. ఇంక మాన్పిస్తే మానదు. మరిగింది మరిగినట్టే. ఇవాళ బాతుపిల్ల, రేపు మేకపిల్ల. ఎల్లుండి వీధిలో పసిపిల్ల పాకుతూ వస్తే? అప్పుడు నేను జైలుకెళ్ళనా, నువ్వెళ్తావా?”

“కట్టేసి ఉంచుతాను...”

“ఎన్నాళ్ళు కడతావు? దొంగతనంగా పాలు తాగే పిల్లుల్ని మా అమ్మ గోనెసంచిలో వేసి లాంచీ ఎక్కించేది. గోదావరి దాటిస్తే మళ్ళీ ఇంటి దారి తెలీదు వాటికి. వాసన నీళ్ళల్లో కలిసిపోతుంది. ఏ పాపమూ లేదు. అక్కడ ఎవరో ఒకరు ఇంత పెడతారు.”

“ఎవరు పెడతారు? రాజమండ్రిలో రోడ్డు మీద లారీలెలా పోతాయో మీకు తెలీదా? దానికి రోడ్డు దాటడం కూడా రాదు. మనింటి గేటు దాటి ఎప్పుడన్నా వెళ్ళిందా అది?”

“నేర్చుకుంటుంది.”

“మీకు గుర్తుందా నాన్నగారూ? ఆ సంబంధం తప్పిపోయినప్పుడు... ముహూర్తం పెట్టుకున్నాక వాళ్ళు వద్దన్నప్పుడు. మీరు కొట్టు నుంచి వచ్చి అన్నం తిని పడుకునేవారు. నా మొహం చూసేవారు కాదు. అమ్మ చూసి ఏడ్చేది. చుట్టాలు ఫోన్ చేసి ఓదార్చి, తర్వాత నవ్వుకునేవారు. నా గది తలుపు తోసుకుని వచ్చింది ఇదొక్కటే. వచ్చి నా కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకునేది. నేను లేచి స్నానం చేసి మళ్ళీ కాలేజీకి వెళ్ళే దాకా నా పక్క వదల్లేదు. దాన్ని గోనెసంచిలో వేస్తానంటారా?”

“...అదీ ఇదీ ఒకటి కాదు.”

“నాకు ఒకటే.”

“హేమా, నాకు మాత్రం కష్టంగా ఉండదా? కానీ తప్పు తప్పే. రేపు ఊళ్ళో ఏమంటారు? మురళీకృష్ణ ఇంట్లో తోడేలుని పెంచుతున్నాడంటారు. ఎరువుల కొట్టుకి రైతులొచ్చి కూచునేది ఎరువు కోసమా, నా మాట కోసమా? నేనొక మాటన్నానంటే అన్నట్టే. ఈ ఇంట్లో పచ్చిమాంసం తిన్నది ఏదైనా సరే, ఇవాళ గోదావరి దాటాల్సిందే. ఇంక దీనికి అప్పీలు లేదు.”

“ఏదైనా సరేనా అండీ?”

“ఆఁ?”

“ఏదైనా సరే అన్నారు కదా. అందుకని అడిగాను.”

“ఏదైనా సరే! ఏం, నీకేమన్నా అభ్యంతరమా?”

“నాకెందుకుంటుంది? దానికేం తెలుసు అన్నారుగా ఇందాక.”

“అమ్మా, నువ్వు కూడా ఏంటమ్మా! రోజూ దానికి నీళ్ళు పెట్టేది నువ్వే కదా. ఒక్క మాట చెప్పవా నాన్నగారికి?”

“మొన్న నేను పాపం కుక్కకి ఇంత పప్పన్నం కలిపి పెడతానే అంటే ఏమన్నావు నువ్వు? నీకు తెలీదమ్మా, నువ్వు పాతకాలం దానివి, కుక్క కడుపు వేరు, మనిషి కడుపు వేరు, ఊరుకో అన్నావు. ఊరుకున్నాను. మీ నాన్న డేగకి ఆ బాదంపప్పు అరుగుతుందా అండీ అంటే నీకేం తెలుసే అన్నారు. ఊరుకున్నాను. ఇద్దరూ కలిసి ఊరుకోమన్నాక, ఒక్కదాన్ని, ఇంకెంతసేపు మాట్లాడతాను?”

“సరే, సరే, తప్పయింది. ఇప్పుడు చెప్పు.”

“హేమ తన తప్పు ఒప్పుకుంది. మీరు?”

“నేనేం ఒప్పుకోవాలి?”

“ఏం లేదు లెండి. ఆటో హారన్ వినపడుతోంది. ముసలయ్య వచ్చినట్టున్నాడు.”

“వచ్చాడు. ముసలయ్యా! వెనక నుంచి రా, పెరట్లోకి! తాడు తెచ్చావా? ఆఁ, తొట్టి వెనకుంది చూడు. కరవదులే. మెల్లిగా...”

“నాన్నగారూ! వద్దు! కాజా, ఇటు రా! ఇటు రామ్మా! అమ్మా, చూస్తూ కూర్చుంటావా!”

“ముసలయ్యా, ఒక్క నిమిషం ఆగు బాబూ. ఏవండీ, ఒకటడుగుతాను. పొద్దున్నే మీరు గిన్నెలో అవన్నీ కలిపి డేగ ముందు పెడతారు. పెట్టి, దాని తాడు విప్పి, మాణిక్యం ఓ గంట తిరగనీ, తర్వాత కట్టెయ్యి అని చెప్పి కొట్టుకో బజారుకో వెళ్ళిపోతారు. అవునా?”

“అవును. అయితే?”

“హేమా, నువ్వు కాటాలో తూచి, బేసిన్‌లో వేసి, కాజా ముందు పెట్టి, ఫోటో తీసి, గ్రూపులో పడేసి స్కూటీ ఎక్కేస్తావు. ఆదివారమైతే ఫోటో తీసి మళ్ళీ పడుకుంటావు. అవునా?”

“అవును. ఏంటమ్మా ఇప్పుడు?”

“మీ ఇద్దర్లో ఎవరైనా, ఒక్క రోజైనా, అక్కడ నిలబడి అవి తింటుంటే చూశారా?”

“చూసేదేముంది? సాయంత్రం గిన్నె నాకి పెట్టినట్టు ఉంటుంది కదా.”

“నా బేసిన్ కూడా. ఒక్క ముక్క మిగలదు.”

“మిగలదు. నిజమే. కానీ డేగకి పెట్టే ఆ ఇత్తడి గిన్నె ఖాళీ చేసేది కాజా.”

“ఏంటీ?”

“కాజానండీ. మొదటి రోజునే నువ్వు పెట్టిన పచ్చిమాంసం వాసన చూసి మొహం తిప్పేసుకుంది హేమా. కాలితో బేసిన్ని అవతలికి నెట్టింది. తిన్నగా చెట్టు కిందకి వెళ్ళి, నాన్నగారి గిన్నెలో మూతి పెట్టింది. ఉడికిన కీమా ఉండలు, గుడ్డు, బాదంపప్పు. అంతా తినేసి, గిన్నె నాకి, నా కొంగుకి మూతి తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అంతే. నెల్లాళ్ళూ అంతే.”

“నెల్లాళ్ళూ? అమ్మా, అయితే ఆ బొచ్చు... డాక్టరుగారు అన్నది...”

“బాదంపప్పు.”

“తణుకు ఆవిడకి నేను రోజూ...”

“చెప్తున్నావు కదా. చెప్పు.”

“హహహ! హేమా! విన్నావా? విన్నావా తల్లీ? నీ కాటా, నీ లెక్క, నీ గ్రూపు! కుక్కకే నచ్చలేదట నీ పద్ధతి! నా తిండి తిని నిగనిగలాడుతోంటే, నువ్వేమో ఫోటోలు తీసి పెట్టుకుంటున్నావు! నా చేత్తో కలిపింది! నేను చెప్పలేదూ? తిన్నది ఒంటి మీద తెలుస్తుందని చెప్పలేదూ? ముసలయ్యా, విన్నావా? మన తిండి తింటే కుక్క కూడా గుర్రమైపోతుంది!”

“నాన్నగారూ, నవ్వండి, నవ్వండి. అంటే కాజా పచ్చిమాంసం ముట్టుకోలేదు. అంటే బాతుపిల్లల్ని అది చంపలేదు. మీరే అన్నారు, ఉడికింది తిన్నది ఒద్దికగా ఉంటుందని. ఇంక దాన్నెవరూ పంపక్కర్లేదు!”

“సరే, ఉండనీ. ఉండనీ పాపం. నా తిండి తిన్న కుక్కని నేనే ఎందుకు పంపుతాను? పెద్దమనిషిలాంటి కుక్క. ఇటు రావే, ఇటు రా. అయినా మాణిక్యం, ఇంత కథ నీ కళ్ళ ముందు జరుగుతుంటే ఒక్క ముక్క చెప్పవా?”

“చెప్తే వింటారా? నీకేం తెలుసంటారు.”

“సర్లే. కానీ ఒక్కటి అర్థం కాలేదు. నా గిన్నె కుక్క నాకేస్తే, మరి నా డేగ నెల్లాళ్ళూ ఏం తిని బతికింది? ఆ మెడ, ఆ ఎరుపు, ఆ కసి... హేమ బేసిన్ ఎవరు ఖాళీ చేశారు? మాణిక్యం, నిన్నే. పొద్దున్న ఆ బాతుపిల్లలొచ్చినప్పుడు డేగ తాడు విప్పి ఉందా?”

“ఓ ముసలయ్యా, ఆ తాడు అక్కడ పడేసి, చెట్టు కిందున్న డేగని గంపలో పెట్టు బాబూ, దాని ముక్కుకున్న రక్తం పొద్దున్నే నేను కడిగేశాను, నీ చొక్కాకి అంటదులే. అయ్యగారు పచ్చిమాంసం మరిగినదాన్ని గోదావరి దాటించమన్నారు.”